టన్నుల లెక్కన అమ్ముడుపోయే చరిత్ర

మా నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి దగ్గర, ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. మా దగ్గరికి అమెరికాలోని పిట్స్‌బర్గ్ వచ్చినప్పుడు పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకువెళ్లాను, దండం పెట్టుకున్నారు. మ్యూజియానికి తీసుకువెళ్లాను, బెంచీ మీద కునుకు తీశారు. మూడో శనివారం క్యారీ ఫర్నేసులనే మూతపడ్డ పాత ఇనుప కొలిములు చూపించడానికి బయల్దేరదీశాను. గేటు దగ్గర నేను టికెట్లు తీసుకుంటుంటే పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు. "దీన్ని చూడటానికి డబ్బు కట్టావా? ఇరవై ఏడేళ్లు చూసినందుకు వాళ్లే నాకు జీతమిచ్చారు కదమ్మా."

లోపలికి వెళ్లాక ఆ హాస్యం ఎటు పోయిందో పోయింది. కాస్ట్ హౌస్ అంటే ఫర్నేసు కాళ్ల దగ్గర ఉండే పెద్ద షెడ్డు. కరిగిన ఇనుము బయటికి దూకేది అక్కడే. దాన్ని వదిలే రంధ్రాన్ని ట్యాప్‌హోల్ అంటారు. మా గుంపులో ఉన్న ఇరవై మందీ సరిగ్గా దాని ముందే నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నాన్న నిలబడలేదు. ఓ పక్కగా, నాలుగడుగులు వెనక్కి జరిగి, ఒక కాలు దారి వైపు పెట్టి నిలుచున్నారు. అది 1978లో చల్లారిపోయిన కొలిమి. నేల మీది ఇసుక కాలువలో రాత్రి కురిసిన వాన నీరు చిన్న మడుగు కట్టి ఉంది. ఆయన చూపు దాని మీద పడింది. "నీళ్లు!" అన్నారు. మాటలా రాలేదది, కేకలా వచ్చింది. గైడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. కరిగిన ఇనుము కింద చెంబెడు తడి చిక్కుకున్నా ఆవిరి ఒక్కసారిగా పేలి, లోహం మనుషుల మీదికి ఎగజిమ్ముతుంది. ఉద్యోగం మానేసినా ఆయన ఒంట్లోంచి ఆ భయం పోలేదు.

ఒక ఉక్కు కార్ఖానా చోటును ఎందుకు కాపాడాలని నన్ను ఎవరైనా అడిగితే ఇక మీదట ఆ మడుగు సంగతే చెబుతాను. ఫొటో చూసి ఎవరూ పక్కకు జరగరు.

క్యారీ ఫర్నేసులు మొనాంగహీలా నది ఒడ్డున, రాంకిన్, స్విస్‌వేల్ అనే చిన్న ఊళ్ల మధ్య ఉన్నాయి. ఇప్పుడు మిగిలినవి 6, 7 నంబర్లవి మాత్రమే. 1907 నాటివి, ఎత్తు 92 అడుగులు. మంచి రోజుల్లో రోజుకు వెయ్యి టన్నులకు పైగా ఇనుము ఇచ్చేవి. ఆ ఇనుము చల్లారకముందే, నిప్పులా మరుగుతూనే, రైలు వంతెన మీదుగా నది దాటి ఎదుటి ఒడ్డున ఉన్న హోమ్‌స్టెడ్ కార్ఖానాకు పోయి ఉక్కుగా మారేది. ఈ రెండూ ఆగిన ఎనిమిదేళ్లకు, 1986లో, హోమ్‌స్టెడ్ కూడా మూతపడింది. 1996లో అమెరికన్ కాంగ్రెస్ ఈ ప్రాంతాన్ని 'రివర్స్ ఆఫ్ స్టీల్' పేరిట జాతీయ వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. 2005లో స్థలాన్ని అలెఘనీ కౌంటీ కొన్నది. మరుసటి ఏడాది ఈ రెండు ఫర్నేసులకూ జాతీయ చారిత్రక స్థలం హోదా వచ్చింది.

వరసగా చెబితే ఏదో పద్ధతిగా జరిగిపోయినట్టు ఉంది. జరగలేదు. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా ఆ చోటు దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంది. రాగి తీగలు దొంగల పాలయ్యాయి. గోడలు రంగు డబ్బాలు పట్టుకొచ్చిన కుర్రాళ్ల పాలయ్యాయి. 1997లో కొందరు కళాకారులు ఎవరినీ అనుమతి అడగకుండా లోపలికి దూరి, అక్కడ దొరికిన గొట్టాలూ తీగలతోనే నలభై అడుగులకు మించిన జింక తలను కట్టడం మొదలుపెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మా నాన్నకు మొత్తం క్యారీలో నచ్చనిది అదొక్కటే. "ఇంత గొట్టం వృథా" అన్నారు.

ఆ మాటకు అప్పుడు నవ్వాను గానీ నా వాదన మొత్తం అందులోనే ఉంది.

కోటను కూల్చాలంటే ఖర్చు అవుతుంది. గుడి గోడ కూలితే రాళ్లు అక్కడే పడి ఉంటాయి, వందేళ్ల తర్వాతైనా ఎవరో వచ్చి పేరుస్తారు. ఉక్కు కార్ఖానా అలాంటిది కాదు. దాన్ని కూల్చితే ఆదాయం. మూతపడ్డ రోజునే దాని ప్రతి దూలానికీ, ప్రతి పైపుకూ టన్నుకింత అని ధర పలుకుతుంది. నిలబెట్టి ఉంచితే కాపలావాడి జీతం, తుప్పు, కోర్టు కేసులు. ముక్కలు చేస్తే చెక్కు. ఇంకా విచిత్రం ఏమిటంటే ఆ తుక్కు వెళ్లేది మరో ఉక్కు కొలిమిలోకే. కరిగి కొత్త కడ్డీ అయి వస్తుంది, ఏ జాడా మిగలదు. క్యారీ పక్కన ఒకప్పుడు ఉన్న మిగతా ఫర్నేసులు ఇవాళ ఎవరి కారు తలుపులో ఉన్నాయో, ఏ వంతెన బోల్టులో ఉన్నాయో ఎవరు చెప్పగలరు? తన ఆనవాళ్లను తానే కరిగించి అమ్ముకునే పరిశ్రమ ఇది.

కనుక ఇక్కడ వారసత్వ హోదా తుక్కు టెండరు కన్నా ముందు రావాలి. తర్వాత వస్తే రాయడానికి శిలాఫలకం తప్ప ఏమీ ఉండదు. ఆ పని యాజమాన్యం ఔదార్యానికో, ఊరి మునిసిపాలిటీ ఓపికకో వదిలిపెడితే జరగదు. దేశం చట్టంతో అడ్డుపడాలి.

చట్టం ఉన్నా ఎంత సులభంగా ఓడిపోతుందో ఇంగ్లండ్‌లోని రెడ్‌కార్ చూపించింది. అక్కడి ఉక్కు కర్మాగారం 2015లో ఆగిపోయింది. అందులో డోర్మన్ లాంగ్ టవర్ అని 1950లలో కట్టిన ఒక కాంక్రీటు బొగ్గు గోపురం ఉండేది. సిడ్నీ హార్బర్ వంతెన కట్టిన కంపెనీ పేరు దాని నెత్తిన పెద్ద అక్షరాల్లో ఉండేది. 2021 సెప్టెంబరులో దాన్ని హడావుడిగా రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. వారం తిరక్కుండానే మంత్రివర్గం మారింది. కొత్తగా వచ్చిన సాంస్కృతిక మంత్రి ఆ రక్షణను రద్దు చేశారు. 19వ తేదీన టవర్‌ను పేల్చేశారు. జాబితాలో చేర్చడం, తీసెయ్యడం, పేల్చడం, అన్నీ కలిపి పదిరోజుల వ్యవహారం. మరుసటి ఏడాది నవంబరులో బ్లాస్ట్ ఫర్నేసు కూడా నేలకూలింది. కూల్చినవాళ్ల వాదన తీసిపారేయదగింది కాదు. ఆ నేల మీద కొత్త పరిశ్రమలు వస్తాయి, ఊరికి ఉద్యోగాలు వస్తాయి అన్నారు. పని పోగొట్టుకున్న ఊరికి తుప్పు పట్టిన గోపురం చూపించి గర్వపడమనడం కూడా ఒక రకమైన క్రూరత్వమే. కానీ వేల ఎకరాల స్థలంలో ఆ ఒక్క టవర్ అడుగు పట్టిన జాగాలోనే ఉద్యోగాలన్నీ ఇరుక్కుని ఉన్నాయంటే నమ్మడం కష్టం.

కాపాడటంలోనూ రకాలున్నాయి. క్యారీ నుంచి నది దాటితే హోమ్‌స్టెడ్‌లో ఒకప్పటి కార్ఖానా నేల మీద ఇప్పుడు పెద్ద షాపింగు సముదాయం ఉంది. నేను నెలకోసారైనా అక్కడికి వెళ్తాను, సామాన్లు కొంటాను, అబద్ధమెందుకు. దాని అంచున పన్నెండు ఇటుక పొగగొట్టాలు వరసగా నిలబడి ఉంటాయి. కింద కార్ఖానా లేదు. పెళ్లి పందిరి తీసేశాక మిగిలిన గుంజల్లా ఉంటాయవి. పిల్లలు అడుగుతారు, అవేమిటని. తల్లిదండ్రులు "పాత కాలం నాటివి" అంటారు. అంతటితో సరి.

ఆ పొగగొట్టాలు చెప్పని కథ ఒకటుంది. 1892 జూలై 6న ఇదే ఒడ్డున యుద్ధం జరిగింది. ఆండ్రూ కార్నెగీకి చెందిన ఈ హోమ్‌స్టెడ్ కార్ఖానాలో యూనియన్‌ను లేకుండా చేయాలని, ఆయన తరఫున వ్యవహారాలు నడిపే హెన్రీ ఫ్రిక్ గేట్లు మూసి, కార్మికులను బయటికి నెట్టాడు. తెల్లవారకముందే పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ నుంచి మూడు వందల మంది కిరాయి మనుషులను రెండు పడవల్లో నది మీదుగా దింపబోయాడు. ఊరు ఊరంతా ఒడ్డుకు పరుగెత్తింది. రోజంతా కాల్పులు జరిగాయి. రెండు వైపులా కలిపి పదిమంది దాకా చనిపోయారు. చివరికి రాష్ట్ర సైన్యం వేల సంఖ్యలో దిగింది, సమ్మె విరిగింది, యూనియన్ నడుం విరిగింది. మళ్లీ అక్కడ ఉక్కు కార్మికుల సంఘం కాలూనడానికి నలభై ఏళ్లు పైనే పట్టింది. పడవలు ఆగిన చోట ఒక పంప్ హౌస్ ఉంది. యూనియన్ నాయకులు సమ్మె నడిపించిన బోస్ట్ బిల్డింగ్ అనే చిన్న హోటలు కూడా మిగిలి ఉంది. 1999లో దానికీ జాతీయ హోదా వచ్చింది. షాపింగుకు వచ్చే వందమందిలో ఒకరు కూడా ఆ పంప్ హౌస్ దాకా నడవరు. అయినా అది ఉంది. అడిగేవాళ్లు వచ్చిన రోజున చూపించడానికి ఒక గోడ ఉంది.

జర్మనీలోని ఫోల్‌క్లింగెన్ ఇనుప కార్ఖానా సంగతి ఇంకా తిన్నగా సాగింది. 1986లో ఆగింది, 1994కల్లా యునెస్కో జాబితాకెక్కింది. యుద్ధకాలంలో అక్కడ బలవంతంగా పనిచేయించిన విదేశీయుల కథను కూడా ఆ ఆవరణలోనే చెబుతారు. వారసత్వం అన్న మాటకు నేనిచ్చే అర్థం అది. తాతల గొప్పతో పాటు తాతల పాపం కూడా ఆ ఇంట్లోనే ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నాన్నతో అన్నాను, రేపెప్పుడైనా మన విశాఖ ఫర్నేసులను కూడా ఇలా ఉంచితే బాగుంటుందని. ఆయన సీటులో పక్కకు తిరిగి నా వైపు చూశారు. "బతికున్న మనిషికి తద్దినం పెడతావా?"

తప్పు నాదే. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని 1966లో ఊరూరా లేచిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 1971లో పునాదిరాయి పడింది. 64 గ్రామాలు నేల వదులుకున్నాయి. మొదటి ఫర్నేసు వెలగడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. దానికి గోదావరి అని పేరు పెట్టారు. రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. మా ఇంట్లో ఎప్పుడూ "ఫర్నేసుకు ఒంట్లో బాగోలేదు" అనేవారు కాదు, "గోదావరికి బాగోలేదు" అనేవారు. చిన్నప్పుడు నాకు ఆమె ఎవరో మేనత్త అనిపించేది. 2021 జనవరిలో కేంద్రం కర్మాగారాన్ని అమ్మేయాలని నిర్ణయించినప్పటి నుంచి ఆ ఇంట్లో టీవీ ఆపలేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించిన రోజున కూడా నాన్న సంతోషించలేదు. "చూద్దాం" అన్నారు. అలాంటి మనిషి ముందు మ్యూజియం మాట ఎత్తాను.

అయినా నా మాట మీద నేనున్నాను. మన దేశంలో పురాతన కట్టడాల రక్షణ చట్టం 1958 నాటిది. దాని ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల పురాతన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం వందేళ్లు నిండాలి. దేవాలయానికి, సమాధికి, మెట్లబావికి అది సబబైన నియమమే కావచ్చు. వాటిని ఎవరూ కిలోల లెక్కన కొనరు. ఉక్కు కార్ఖానాకు ఆ నియమం పనికిరాదు. అది ఆగిపోయిన కొన్నేళ్లకే నేలమట్టమయ్యే ప్రమాదం ఉంది. ఆ లెక్కన గోదావరికి 2090లో అర్హత వస్తుంది. క్యారీ ఫర్నేసులకు హోదా దక్కినప్పుడు వాటి వయసు 99. మన చట్టం ప్రకారం ఇంకో ఏడాది ఆగి రమ్మనాలి.

కర్ణాటకలో భద్రావతి ఉంది. మైసూరు సంస్థానం పూనుకుని, అడవి కట్టెబొగ్గుతో ఇనుము కరిగించిన కర్మాగారం. 1923లో ఉత్పత్తి మొదలుపెట్టింది, విశ్వేశ్వరయ్య దాన్ని నష్టాల్లోంచి పైకి లాగారు. దాని మూసివేత మాట చాలా ఏళ్లుగా వినబడుతూనే ఉంది. దానికి వందేళ్లు నిండాయి గనుక చట్టం ఇప్పుడు అడ్డు చెప్పదు. చూడాలి, ముందు ఎవరు చేరుకుంటారో, పురావస్తు శాఖవాళ్లా, గ్యాస్ కట్టర్లు పట్టుకున్న కాంట్రాక్టర్లా.

నేను కోరేది కొంచెమే. పరిశ్రమల విషయంలో ఆ వందేళ్ల గీతను చెరిపెయ్యాలి. మూతపడిన తేదీకీ మొదటి తుక్కు టెండరుకూ మధ్య రెండేళ్ల తప్పనిసరి విరామం ఉండాలి. ఆ రెండేళ్లలో ఏది ఉంచాలో, ఏది పోయినా ఫరవాలేదో అక్కడ పనిచేసినవాళ్లను కూర్చోబెట్టి తేల్చాలి. అన్నీ ఉంచలేం. విషాలు ఇంకిన నేలను శుభ్రం చేయడానికే బోలెడు ఖర్చవుతుంది, ఎత్తయిన ఇనుమును తుప్పు నుంచి కాపాడటం ఏటా చేయాల్సిన పని. నన్నడిగితే ఒక ఫర్నేసు, దాని కాస్ట్ హౌస్, గాలిని వేడిచేసే స్టోవులు, కార్మికులు బట్టలు మార్చుకున్న గది చాలు. మిగతాది అమ్ముకోండి. ఇక నడుస్తున్న కార్ఖానా విషయంలో తద్దినం అక్కర్లేదు, జాతకం రాసి పెట్టుకుంటే చాలు. షిఫ్టు లాగ్‌బుక్కులు, డ్రాయింగులు, ఖాళీ అయిన ఊళ్ల పేర్లు, పోయిన ప్రాణాల పేర్లు. ఈ చివరి మాటకు మాత్రం నాన్న అడ్డు చెప్పలేదు.

ఇదంతా ఒక ఎత్తు, మా అత్తగారి జిల్లాలో చూసింది ఒక ఎత్తు.

మా అత్తగారిది నిజామాబాద్ జిల్లా, ఆర్మూరు దగ్గర. అదే జిల్లా కమ్మర్‌పల్లి వైపు కోనసముద్రం అనే ఊరుంది. కమ్మర్‌పల్లి, పేరులోనే కమ్మరి ఉన్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలోనూ, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనూ ఈ కోనసముద్రం ఉక్కు కోసం పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. దమస్కస్ కత్తులు అని లోకం పిలిచే అలల నగిషీ కత్తులకు ఇలాంటి దక్కను ఉక్కు ముద్దలే మూలసరుకు. 1820లలో, దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలోని వైద్యుడు హెన్రీ వోయ్సీ ఈ ఊరికి వచ్చి కళ్లారా చూసి రాశాడు. మీర్తపల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు ముక్కలు చేసి మట్టి మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, పెట్టేవారట. కొలిమితిత్తులతో ఇరవై నాలుగు గంటలు ఎడతెగకుండా ఊదేవారట. ఆ ఉక్కును ఇంగ్లండ్‌లో 'వూట్జ్' అన్నారు. అది మన దక్షిణాది 'ఉక్కు' అన్న మాటే మారిన రూపమని పండితుల్లో ఎక్కువమంది అంటారు. లండన్ రాయల్ సొసైటీలో 1795లోనే దాని మీద పత్రం చదివారు. కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే తన తొలి పరిశోధనల్లో దాని గుట్టు విప్పాలని కుస్తీ పట్టాడు. 2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి ఇలాంటి ఇనుప, ఉక్కు పనుల చోట్లను నమోదు చేశారు.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. కత్తి రాజుగారిది గనుక కాపాడుకున్నాం. కొలిమి కమ్మరిది.

సంక్రాంతికి వియ్యంకుడి ఇంటికి వచ్చిన నాన్నను ఈసారి కోనసముద్రం తీసుకువెళ్లాను. టికెట్టు లేదు, గేటు లేదు. మేము ఆగిన చోట ఒక బోర్డు కూడా లేదు. మక్కచేను గట్టు మీద, ఇనుము కరిగించగా మిగిలిన నల్లటి చిట్టెం రాళ్లు, వాటి మధ్య అరచేతంత మూస పెంకులు. నాన్న ఒకటి తీసి ఎండకు తిప్పి చూశారు. పైన నల్లటి గాజు పూత, లోపల ఉక్కు ముద్ద మట్టం ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తూ సన్నటి గాజు అంచు. విరిగిన చోట మట్టిలో సన్నటి గాట్లు ఉన్నాయి. గోటితో తడిమి, "వరి ఊక" అన్నారు. "మంటకు పగలకుండా మట్టిలో కలిపారు. మేము ఫర్నేసులో వాడే, మంటను తట్టుకునే రిఫ్రాక్టరీ ఇటుక వెనక లెక్కలు బోలెడు. వీళ్లకు పొట్టుతో అయిపోయింది." ఆ పెంకును ఆయన చాలాసేపు కింద పెట్టలేదు.

చేను ఆసామి మమ్మల్ని దూరం నుంచే గమనిస్తున్నాడు. దగ్గరికి వచ్చి ముందు నాన్న చేతిలోని పెంకు వైపు, తర్వాత మా కారు వైపు చూశాడు.

"ఈ రాళ్లు కొనడానికి వచ్చారా సారూ? ట్రాక్టరుకు ఎంతిస్తారు?"

కొనడానికి కాదని చెప్పాం. ఇంతకు ముందు ఎవరైనా కొన్నారా అని నాన్న అడిగారు.

"రోడ్డు వేసినప్పుడు ఆరు ట్రాక్టర్లు పోయాయి. అంతకు ముందు మా నాయన కాలంలో ఇక్కడ ఇంత ఎత్తు ఉండేది," అని అతను చెయ్యి చాచి తన భుజం ఎత్తు చూపించాడు.